మధ్యరకపు గ్రాఫిక్స్ కార్డు: గుణదోష విచారము

వస్తువును పరీక్షించి కొనుట మన పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య. బంగారమును గీటురాతిపై గీసి చూతురు. పట్టుచీర అంచును వ్రేళ్ల నడుమ నలిపి చూతురు. ఎద్దును కొనువాడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బయానా ఈయడు. ఇంతటి నేర్పు గల మనము ఒక్క వస్తువు ఎదుట మాత్రము ఏమి అడుగవలెనో తెలియక నిలిచిపోవుచున్నాము. అది కంప్యూటరులో అమర్చు గ్రాఫిక్స్ కార్డు. దానికి గీటురాయి లేదు. తూచి చూచినచో బరువు తప్ప మరేమియు తెలియదు.

మన పాఠశాల పై తరగతుల పిల్లలలో ఈ కార్డును గూర్చిన ముచ్చట నానాటికి హెచ్చుచున్నది. ఆటల కొరకు కొందరు, బొమ్మల కూర్పు కొరకు కొందరు, కృత్రిమ మేధ నేర్చుటకని మరికొందరు ఇంటిలో దీనిని అడుగుచున్నారు. ధర సామాన్యమైనది కాదు. మధ్యరకపు కార్డు ఒక్కటియే మనలో పెక్కు కుటుంబముల నెల రాబడిలో పెద్ద భాగమును మ్రింగివేయును. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. బిడ్డలు ఈ విషయమంతయు ఇంగ్లీషు వీడియోలలో వినుచున్నారు. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో మాటలాడి, ఇంట తెలుగు మాటలాడు మన కుటుంబములలో ఈ ఒక్క సంగతిని గూర్చి పెద్దలకు, పిల్లలకు నడుమ ఏ భాషయు లేకుండ పోవుచున్నది. తండ్రి తెలియక “వద్దు” అనును. లేదా తెలియకయే “సరే” అనును. మొదటి దానివలన బిడ్డ మనస్సు నొచ్చును. రెండవ దానివలన సంచి ఖాళీ యగును. రెండింటను విచారణ లేదు. ఆ విచారణ మన మాటలలోనే జరుగవలెనను కోరికతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఒక కార్డును ఉదాహరణముగా తీసికొని దాని గుణదోషములను తూచి చూపుదుము. ఆ పద్ధతి తెలిసినచో ఏ కార్డునైనను తూచవచ్చును.

కార్డు చేయు పని

కంప్యూటరు తెర అనునది చిన్న చిన్న చుక్కల సముదాయము. వానిని పిక్సెళ్లు అందురు. ఇండ్లలో సాధారణముగా కనుపించు 1080పీ తెరయందు అడ్డముగా 1920, నిలువుగా 1080, మొత్తము 20,73,600 చుక్కలుండును. ఆటలో బొమ్మ కదలుచున్నట్లు కనుపించుటకు ఈ చుక్కలన్నిటికిని సెకనుకు అనేక పర్యాయములు రంగు నిర్ణయింపవలెను. ఇట్లు సిద్ధమైన ఒక్కొక్క పూర్తి చిత్రమును ఫ్రేము అందురు. సెకనుకు 60 ఫ్రేములు కావలెననిన, ఆ ఒక్క సెకనులో సుమారు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చవలెను.

కంప్యూటరు ప్రధాన ప్రాసెసరు ఒంటరిగా ఈ పనికి పూనుకొనినచో ఆట నత్తనడక నడచును. ప్రధాన ప్రాసెసరు అనుభవజ్ఞుడగు రైతు వంటిది. ఏ చేనికి ఎప్పుడు నీరు పెట్టవలెనో, ఏ పని ముందో, ఏది వెనుకో అతడు నిర్ణయింపగలడు. కాని పది ఎకరములలో నాట్లు పడవలసినప్పుడు అతడొక్కడు చాలడు. వరుసగా నిలిచి, ఒకే పనిని ఒకే లయతో చేయు కూలీల బారు కావలెను. గ్రాఫిక్స్ కార్డు అట్టి బారు. దానియందు వేలకొలది చిన్న గణన భాగములు ఒకే తీరు లెక్కను ఒకేసారి చేయును. కార్డుపై నుండు ప్రత్యేకపు మెమరీ నారుమడి వంటిది. నాటవలసిన నారు, అనగా బొమ్మల సమాచారము, అచ్చట సిద్ధముగా నుండవలెను. నారుమడి చిన్నదైనచో దూరపు మడినుండి మోపులు వచ్చువరకు కూలీలు చేతులు ముడుచుకొని నిలువవలసినదే. నారుమడికి, పొలమునకు నడుమ నున్న బాట ఇరుకైనను అదే గతి. కూలీల సంఖ్య, నారుమడి విస్తీర్ణము, బాట వెడల్పు, ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొనినచో ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

మధ్యరకమనగా నేమి?

మేము ఉదాహరణముగా తీసికొనునది ఎన్‌విడియా కంపెనీ వారి జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 అను కార్డు. ఆ కంపెనీ 1993లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్థాపింపబడినది. జీఫోర్స్ అను పేరుతో మొదటి కార్డు 1999లో వెలువడినది. మనము విచారించు 4060 కార్డు 2023 జూన్ 29వ తేదీన విడుదల అయినది. కంపెనీ ప్రకటించిన ధర 299 డాలర్లు. ఆనాటి మారకపు లెక్కన సుమారు 24,500 రూపాయలు. పన్నులు, రవాణా, వర్తకుని లాభము కలసి మన దేశమున ధర అంతకు మించియే పలికినది. అదే తరములో అగ్రస్థానమున నున్న 4090 కార్డు 2022 అక్టోబరులో 1,599 డాలర్లకు వెలువడినది. దానితో పోల్చినచో మన కార్డు మధ్యరకమని తెలియుచున్నది.

ఈ కార్డు నేటికి సరిక్రొత్తది కాదు. 2025 మే నెలలో దీని తరువాతి తరమగు 5060 వెలువడినది. అయినను దీనినే ఎన్నుకొనుటకు కారణము కలదు. కాలిన తరువాత గాని కుండ గట్టిదనము తెలియదు. అనేకులు అనేక ఆటలతో పరీక్షించిన వస్తువు గనుక దీని మేలు కీడులు స్పష్టముగా తేలియున్నవి.

పేరులోని అంకెలను చదువుట మొదట నేర్చుకొనవలెను. 4060 అను పేరులో ముందరి 40 తరమును, చివరి 60 అంతస్తును తెలుపును. అంకె పెద్దదైన మాత్రమున కార్డు గొప్పదని తలపరాదు. వెనుకటి తరములోని 3080 ఈ 4060 కంటె వేగవంతమైనది. అన్న బిడ్డ చిన్నవాడైనను తమ్ముని బిడ్డకు వరుసలో పెద్ద కావచ్చును గదా! ఇచ్చట తరము వేరు, బలము వేరు.

గుణములు

మొదటి గుణము: 1080పీ తెరపై చాలినంత వేగము. వెనుకటి తరములో ఇదే అంతస్తునకు చెందిన 3060 కార్డు 2021 ఫిబ్రవరిలో 329 డాలర్లకు వెలువడినది. దానికంటె 4060 ఈ తెరపై సుమారు నూటికి 20 వంతులు వేగముగా పనిచేయును. వింత యేమనగా దీనియందు గణన భాగములు తక్కువ. 3060 యందు 3,584 ఉండగా దీనియందు 3,072 మాత్రమే కలవు. కూలీలు తగ్గినను ఒక్కొక్కరి చేతివేగము హెచ్చినది. అంతేగాక చిప్పు లోపలనే ఉండు చిన్న నిలువ, కాషె అనునది, 3 ఎంబీ నుండి 24 ఎంబీకి పెరిగినది. కూలీ నడుముననే కొంత నారు కట్టియుంచుకొనినట్లు, దీనివలన మాటిమాటికి నారుమడికి పోవలసిన పని తప్పును.

రెండవ గుణము: విద్యుత్తు పొదుపు. 3060 గరిష్ఠముగా 170 వాట్లు తీసికొనగా 4060 తీసికొనునది 115 వాట్లు. తేడా 55 వాట్లు. దినమునకు 3 గంటలు పూర్తి భారముతో ఆడినచో సంవత్సరమునకు సుమారు 60 యూనిట్లు మిగులును. ఇది గొప్ప మొత్తము కాకపోవచ్చును. కాని తీసికొనిన విద్యుత్తంతయు వేడిగా మారి గదిలోనికే వచ్చునని మరువరాదు. బళ్లారి, షోలాపురము వంటి ఊళ్లలో వేసవి గడుపువారికి ఈ మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తక్కువ వేడి కావున చిన్న పంకాలు చాలును, చప్పుడు తగ్గును. కంపెనీ సలహా ప్రకారము కంప్యూటరు మొత్తమునకు 550 వాట్ల పవర్ సప్లై సరిపోవును. ఉన్న పెట్టెలోనే అమర్చుకొనువారికి ఇది పెద్ద సౌకర్యము.

మూడవ గుణము: చిత్రములను పెంచి చూపు విద్య. డీఎల్‌ఎస్‌ఎస్ అను పద్ధతిచేత కార్డు మొదట తక్కువ చుక్కలతో బొమ్మను గీసి, పిదప కృత్రిమ మేధ సహాయముతో దానిని పెద్ద బొమ్మగా తీర్చిదిద్దును. శ్రమ తగ్గును, వేగము పెరుగును. చూచువానికి తేడా చాలవరకు తెలియదు.

నాల్గవ గుణము: ఆటకు వెలుపలి ఉపయోగము. వీడియోలను చిన్న పరిమాణమున భద్రపరచు ఏవీ1 అను నూతన విధానము దీని చిప్పునందే అమర్చబడియున్నది. కూడా అను ఎన్‌విడియా వారి గణన వ్యవస్థను ఆధారము చేసికొని పనిచేయు సాఫ్ట్‌వేరులు అనేకములు కలవు. బ్లెండరు అను ఉచిత సాఫ్ట్‌వేరుతో త్రిపరిమాణ చిత్రములు రూపొందించువారికి, కృత్రిమ మేధ ప్రయోగములు చేయువారికి ఇది నిజముగా అక్కరకు వచ్చును.

దోషములు

మొదటి దోషము, మా దృష్టిలో అన్నిటికంటె పెద్దది, మెమరీ కొరత. 3060 కార్డునకు 12 జీబీ మెమరీ ఉండగా, దాని తరువాత వచ్చిన 4060కు 8 జీబీ మాత్రమే ఇచ్చిరి. తరము మారినది, నారుమడి కుంచించుకొని పోయినది. 2023 మార్చిలో కంప్యూటరులకు వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1’ అను ఆట ఈ కొరతను బయటపెట్టినది. చిత్ర నాణ్యతను హెచ్చు స్థాయిలో నుంచినచో 1080పీ తెరపైననే 8 జీబీ చాలక తొట్రుపాటు కలిగెను. పిదప ఆ ఆటను కొంత సవరించిరి. అయినను సూచన స్పష్టము. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ అను ఆట తనను నడుపుటకు కనీసము 8 జీబీ కార్డు కావలెనని చెప్పినది. నిన్నటి సమృద్ధి నేటి కనిష్ఠమగుచున్నదన్నమాట. మెమరీ చాలనప్పుడు కలుగు బాధ విచిత్రమైనది. సగటు వేగము బాగుగనే కనుపించును. కాని ఆట నడుమ నడుమ బిగిసికొని నిలుచును, గోడలు నేలలు మసక బారి కనుపించును.

రెండవ దోషము: బాట ఇరుకు. మెమరీకి, చిప్పునకు నడుమ మార్గము 3060 యందు 192 బిట్ల వెడల్పు కాగా దీనియందు 128 బిట్లు. సెకనుకు ప్రవహింపగల సమాచారము 360 జీబీ నుండి 272 జీబీకి దిగినది. పైన చెప్పిన కాషె ఈ లోటును 1080పీ వరకు చాలవరకు పూడ్చును. కాని 1440పీ తెరయందు 36,86,400 చుక్కలును, 4కే తెరయందు 82,94,400 చుక్కలును కలవు. పని పెరిగినకొలది నడుమున కట్టిన నారు చాలదు. ఇరుకు బాటనే ఆశ్రయింపవలెను. కావున పెద్ద తెరలపై ఈ కార్డు ఆధిక్యము క్షీణించును.

మూడవ దోషము పాత కంప్యూటరులు గలవారికి ముఖ్యము. మదర్‌బోర్డుతో ఈ కార్డు 8 దారుల ద్వారా మాత్రమే మాటలాడును. బోర్డు నాల్గవ తరపు పీసీఐ ఎక్స్‌ప్రెస్ గలదైనచో లోపము లేదు. మూడవ తరపు బోర్డులలో ఆ దారుల వేగము సగమే. కార్డు మెమరీ నిండి, ప్రధాన మెమరీనుండి సమాచారము తెచ్చుకొనవలసి వచ్చినప్పుడు అచ్చట నష్టము కనుపించును.

నాల్గవది కార్డు దోషము కాదు, ప్రచారములోని దోషము. ఫ్రేము జనరేషన్ అను విద్యచేత ఈ కార్డు రెండు నిజమైన ఫ్రేముల నడుమ ఒక కల్పిత ఫ్రేమును చేర్చును. ప్రకటనలలో వేగము ఇనుమడించినట్లు అంకెలు చూపుదురు. కంటికి కదలిక నునుపుగా కనుపించుట సత్యమే. కాని మీట నొక్కిన వెంటనే ఆట స్పందించు చురుకుదనము నిజమైన ఫ్రేములనుబట్టియే యుండును. 30 నిజ ఫ్రేములను 60గా చూపినను చేతికి 30 వలెనే తోచును. ఒక్కింత ఆలస్యము కూడ చేరును. పైగా ఈ విద్యయు కొంత మెమరీని కోరును. కావున పోలికలు చూచునప్పుడు కల్పిత ఫ్రేములు కలిపిరా, లేదా అని మొదట విచారింపవలెను.

తోటి కార్డులు

ఒక కార్డును దాని తోటివారి నడుమ నిలిపి చూడవలెను. ఏఎమ్‌డీ కంపెనీ వారి ఆర్‌ఎక్స్ 7600 కార్డు 2023 మే నెలలో 269 డాలర్లకు వెలువడినది. దానికిని 8 జీబీ మెమరీయే. సామాన్యమైన ఆటలలో 4060కు దగ్గరగా నడచును. 165 వాట్లు తీసికొనును. కాంతి కిరణముల గమనమును లెక్కించు రే ట్రేసింగు పనిలో వెనుకబడును. ఇంటెల్ కంపెనీ వారి ఆర్క్ బీ580 కార్డు 2024 డిసెంబరులో 249 డాలర్లకు 12 జీబీ మెమరీతో వెలువడినది. ధరకు మెమరీకి పోలిక చూచినచో అది మెచ్చదగినది. కాని పాత ప్రాసెసరులతో జత చేసినప్పుడు దాని వేగము చెప్పుకోదగినంత తగ్గునని పరీక్షలలో తేలినది. 2025లో వచ్చిన 5060 కార్డు మరల 299 డాలర్లకే వెలువడినది. బాట వేగము సెకనుకు 448 జీబీకి పెరిగినది. నారుమడి మాత్రము 8 జీబీయే.

ఇచ్చట తలిదండ్రులు ఒక మెట్లవరుసను గమనింపవలెను. విడుదల నాడు 4060 ధర 299 డాలర్లు. ఇంకొక 100 వేసినచో 4060 టీఐ అను హెచ్చు రకము. దానికిని 8 జీబీయే. మరి 100 వేసినచో అదే చిప్పు 16 జీబీతో, 499 డాలర్లకు. ప్రతి మెట్టునను “ఇంకొంచెము వేసిన పోదా” అని తోచును. ఇట్లు మూడవ వంతు, మరల నాల్గవ వంతు పెరిగి, తుదకు అనుకొనిన దానికి దాదాపు ఒకటిన్నర రెట్లకుపైగా వ్యయమగును. అంగడికి పోవుటకు ముందే హద్దును కాగితముపై వ్రాసికొనుట మంచిది.

వేగమును కొలుచు విధము

పరీక్షల పట్టికలలో రెండు అంకెలు ముఖ్యము. ఒకటి సగటు ఫ్రేములు. రెండవది కనిష్ఠ వేగము, నూటికి ఒక వంతు అధమ ఘట్టముల లెక్క. ఒక కార్డు సగటున 70 ఫ్రేములు చూపి నడుమ నడుమ 25కు దిగునని, మరియొకటి సగటున 62 చూపి 50కి తగ్గదని అనుకొందము. రెండవదియే మేలు. నెలకు ఒకసారి వరదయు, తక్కిన దినములు ఎండయు గల యేరుకంటె నిత్యము పారు కాలువ మేలు గదా! మెమరీ కొరత సగటులో దాగుకొని కనిష్ఠములోనే బయటపడును.

పిదప ధరను ఫ్రేములతో భాగింపవలెను. 24,000 రూపాయల కార్డు 60 ఫ్రేములు చూపినచో ఫ్రేముకు 400 రూపాయలు. 30,000 రూపాయల కార్డు 80 చూపినచో 375. అప్పుడు రెండవది చౌక. అయితే మీ తెర సెకనుకు 60 చిత్రములను మాత్రమే చూపగలదైనచో, మిగిలిన 20 ఫ్రేములు కంటికి కనుపింపవు. అట్టి ఇంటికి మొదటిదియే చౌక. లెక్కకు ముందు ఇంటిలోని తెరను చూడుడని మేము చెప్పుటకు ఇదియే కారణము.

ఒకే పేరు, వేరు సరకు

చెన్నపట్టణమున రిచీ వీధికి, బెంగుళూరున ఎస్.పీ. రోడ్డునకు, బొంబాయిన లామింగ్టన్ రోడ్డునకు పోయి కొనువారు ఈ సంగతి విశేషముగా గుర్తింపవలెను. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డు 6 జీబీతోను, 3 జీబీతోను వెలువడినది. మెమరీ మాత్రమేగాక గణన భాగములును వేరు: మొదటిదానికి 1,280, రెండవదానికి 1,152. పెట్టెపై పేరు మాత్రము ఒకటియే. అట్లే 12 జీబీ 3060కు తోడు 2022లో 8 జీబీ 3060 వచ్చినది; దాని బాట 192 బిట్లకు బదులు 128 బిట్లే. ల్యాప్‌టాప్‌లలో ఈ భేదము ఇంకను సూక్ష్మము. 4060 ల్యాప్‌టాప్ చిప్పునకు తయారీదారు 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు తన ఇష్టము ప్రకారము విద్యుత్తు నిర్ణయింపవచ్చును. ఒకే పేరు గల రెండు యంత్రములు వేగములో ఎంతో వేరుగ నుండుటకు ఇది కారణము. కావున పేరు అడుగుట చాలదు. మెమరీ ఎంత, బాట ఎన్ని బిట్లు, వాట్లు ఎన్ని అని అడుగవలెను.

పాత కార్డుల విషయమున మరింత మెలకువ కావలెను. ఎథీరియం అను డిజిటల్ నాణెమును ఈ కార్డులతో త్రవ్వు పద్ధతి 2022 సెప్టెంబరులో నిలిచిపోగా, రేయింబవళ్లు పనిచేసిన కార్డులు కుప్పలుగా అమ్మకమునకు వచ్చినవి. అవి అన్నియు చెడ్డవి కావు. కాని పంకాలు అరిగియుండవచ్చును. పాతది కొనువారు తమ ఎదుటనే అరగంట ఆట నడిపింపజేసి చూడవలెను. మొదటి బిల్లు, మిగిలిన వారంటీ కాలము వ్రాతమూలముగ పొందవలెను.

చదువునకు అవసరమా?

ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పుట మా విధి. పాఠములు వినుటకు, వ్యాసములు వ్రాయుటకు, తెలుగు టైపు చేయుటకు, పాఠశాలలో నేర్పు పైథాన్ ప్రోగ్రాములు నడుపుటకు ప్రత్యేకపు గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసరులోనే అమర్చబడిన గ్రాఫిక్స్ చాలును. ఒక్క హెచ్చరిక: పేరు చివర ‘ఎఫ్’ అక్షరము గల ఇంటెల్ ప్రాసెసరులలో ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు, వానికి కార్డు తప్పనిసరి. కృత్రిమ మేధ నేర్వగోరు విద్యార్థి మొదట గూగుల్ కోలాబ్ వంటి సేవలయందు, వారి పరిమితులకు లోబడి, ఉచితముగా కొంతకాలము అభ్యసింపవచ్చును. ఆ అభ్యాసము నిలిచినచో కార్డు కొనుట సార్థకము. త్రిపరిమాణ చిత్రములు, వీడియో కూర్పు నిజముగా చేయుచున్న బిడ్డకు కార్డు పనిముట్టు. ఆటకే కావలెనన్నచో ఆటకే అని చెప్పుకొనుట మేలు. ఆట పాపము కాదు. చదువు పేరు చెప్పి ఆటవస్తువు అడుగవలసిన స్థితియే మంచిది కాదు. బిడ్డ నిజము చెప్పినందుకు మందలింపు దొరకని ఇంటిలోనే బేరము సవ్యముగా సాగును.

ఆటల వయోనిర్ణయమును గూడ చూడవలెను. ఉదాహరణమునకు ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ అను ఆట 18 ఏండ్లు నిండినవారికే తగినదని యూరపు వర్గీకరణము చెప్పుచున్నది. కార్డు ఏ ఆటనైనను నడుపును; ఏ ఆట నడుపవలెనో నిర్ణయించునది ఇల్లు.

నిర్ణయము

తూచి చూడగా 4060 కార్డు గూర్చి మా అభిప్రాయమిది. 1080పీ తెర గలవారికి, చిన్న పవర్ సప్లై గల పెట్టెను మార్చనొల్లనివారికి, వేడి విద్యుత్తుల పట్ల జాగ్రత్త గలవారికి ఇది తగిన వస్తువు. 1440పీ తెర కొనదలచినవారికి, పాత మదర్‌బోర్డు గలవారికి, అయిదారేండ్లు మార్పు లేకుండ క్రొత్త ఆటలను హెచ్చు నాణ్యతతో ఆడగోరువారికి ఇది తగదు; వారు 12 జీబీ లేదా అంతకు పైబడిన మెమరీ గల కార్డును చూడవలెను. కార్డు ఆయుర్దాయము చిన్నది కాదు. 1060కు ఆటల నిమిత్తము క్రొత్త డ్రైవర్లు 2016 నుండి 2025 అక్టోబరు వరకు వచ్చినవి. ఆ తొమ్మిదేండ్లలో 3 జీబీది ముందుగా అలసినది. 6 జీబీది చాలకాలము పనికివచ్చినది. వేగము చాలనప్పుడు చిత్ర నాణ్యతను తగ్గించి సర్దుకొనవచ్చును. మెమరీ చాలనప్పుడు సర్దుబాటునకు తావు తక్కువ. పాత కార్డు చెప్పు పాఠమిది.

తుదకు తలిదండ్రులకు మా మనవి. బిడ్డ కార్డు అడిగిన దినమున అయిదు ప్రశ్నలు కాగితముపై వ్రాసి ఈయుడు. మన తెర ఎన్ని చుక్కలది? ఏ ఆటలు, ఏ పనులు? కార్డు మెమరీ ఎంత? మన పవర్ సప్లై, మదర్‌బోర్డు దానికి సరిపోవునా? మన హద్దు ఎంత, దానిలో దొరకు రెండవ కార్డు ఏది? సమాధానములను తెలుగులో వ్రాసి, తెలుగులోనే మీకు వివరించి చెప్పుమని కోరుడు. ఇంగ్లీషులో విని నేర్చినదానిని తల్లికి తెలుగులో బోధపరచగలిగిన బిడ్డకు ఆ విషయము నిజముగా తెలిసినట్లే. అట్లు చెప్పలేనిచో ఇంకను కొంత చదువవలసి యున్నదని బిడ్డకే తెలియును. కార్డు కొనుటయో, మానుటయో, వాయిదా వేయుటయో ఆ సంభాషణ చివర మీరిరువురును కలసి నిర్ణయింతురు గాక. అట్టి నిర్ణయము ఏదైనను అది మీ ఇంటి నిర్ణయమగును. అంగడివాని నిర్ణయము కాదు.